పాత వ్యానులో గేర్ మారిస్తే చప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజను ముందు ఉండి వెనక చక్రాలు నడిచే, మాన్యువల్ గేర్‌బాక్సు ఉన్న పాత వ్యాన్లను దృష్టిలో పెట్టుకుని రాసిన సమాధానాలివి. ముందు చక్రాలు నడిచే బండికి తేడా ఉన్నచోట ఆ సంగతి చెప్పాం. ఇక్కడి కొలతలకూ మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌కూ పొత్తు కుదరకపోతే మాన్యువల్ మాటే చెల్లుతుంది.

గేర్ వేస్తుంటే కర్ర్‌మంటోంది. గేర్‌బాక్సు పోయినట్టేనా?

అలా అని ముందే అనుకోకండి. ఈ చప్పుడుతో వచ్చే బళ్ళలో చాలావాటికి తప్పు గేర్‌బాక్సు బయటే ఉంటుంది.

అసలు ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. ముందుకు నడిపే గేర్ల పళ్ళు ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకునే తిరుగుతుంటాయి. మీరు లివర్ కదిపితే కదిలేది గేరు కాదు, షాఫ్టు మీది స్లీవ్. అది జరిగి, గేరు పక్కన ఉండే చిన్న పళ్ళ వరసను పట్టుకుంటుంది. పట్టుకునే ముందు రెండూ ఒకే వేగంతో తిరగాలి. ఆ వేగాలను కలిపేది సింక్రో రింగు: గేరు కోన్‌ను (దాని పక్కన ఉండే గరాటు ఆకారపు భాగం) రాపిడితో పట్టి ఆపుతుంది లేదా లాక్కెళుతుంది. వేగాలు కలవకముందే స్లీవ్ పళ్ళు వెళ్ళి తగిలితే కర్ర్‌మంటుంది.

వేగాలు కలవకపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలు. క్లచ్ తొక్కినా పూర్తిగా విడవక, ఇంజను ఇంకా షాఫ్టును తిప్పుతూ ఉండటం ఒకటి. రింగు అరిగిపోయో, ఆయిల్ సరైనది కాకో పట్టు జారడం రెండోది. మొదటిదానికి గేర్‌బాక్సు దించాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. అందుకే ముందు ఈ రెంటిలో ఏదో తేల్చుకోవాలి.

తప్పు క్లచ్‌దా, సింక్రోదా ఎలా తేల్చాలి?

నాలుగు పరీక్షలున్నాయి. వరస మార్చకండి. ముందుదాని ఫలితం తెలియకపోతే తర్వాతిదాని ఫలితానికి అర్థం ఉండదు.

మొదటిది ఇంజను ఆపి చేసేది. క్లచ్ తొక్కి అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేసి చూడండి. ఏదైనా గేరు దగ్గర అడ్డుపడితే బండిని అరడుగు ముందుకో వెనక్కో తోసి మళ్ళీ వేయండి. పళ్ళ మొనలు ఎదురెదురుగా ఆగితే ఒక్కోసారి అలా అవుతుంది. అయినా బిగుసుకుపోతే లింకేజీనో (లివర్‌ను గేర్‌బాక్సుకు కలిపే రాడ్లు), లోపల స్లీవ్‌ను జరిపే ఫోర్కునో అనుమానించాలి.

రెండోది అసలైన పరీక్ష. ఇంజను వేడెక్కాక న్యూట్రల్‌లో ఐడిల్ చేయనివ్వండి. ఐడిల్ స్పీడు మాన్యువల్ చెప్పినంతే ఉండాలి. పాత బళ్ళలో సాధారణంగా నిమిషానికి 700 నుంచి 900 చుట్ల మధ్య ఉంటుంది. ఐడిల్ 1,200 ఉన్న బండిలో మంచి గేర్‌బాక్సు కూడా గోల చేస్తుంది. ఇప్పుడు క్లచ్ అడుగుదాకా తొక్కి, పది అంకెలు లెక్కపెట్టి, రివర్స్ నెమ్మదిగా వేయండి. చాలా పాత గేర్‌బాక్సుల్లో రివర్స్‌కు సింక్రో ఉండదు కాబట్టి అది దేన్నీ కప్పిపుచ్చదు. పది లెక్కపెట్టాక కూడా కర్ర్‌మంటే షాఫ్టు ఇంకా తిరుగుతోందన్నమాట, అంటే క్లచ్ విడవట్లేదు. తొక్కిన వెంటనే వేస్తే చప్పుడై, ఆగి వేస్తే నిశ్శబ్దంగా పడితే క్లచ్ బాగానే ఉంది. అది షాఫ్టు ఆగడానికి పట్టే సమయం మాత్రమే.

మూడోది రోడ్డు మీద. చప్పుడు అన్ని గేర్లకూ ఉందా, ఒక్కదానికేనా? అన్నిటికీ ఉంటే క్లచ్ లేదా ఆయిల్. ఒక్క గేరుకే ఉంటే, ముఖ్యంగా మూడు నుంచి రెండుకు దించేటప్పుడు వస్తే, ఆ గేరు సింక్రో. రెండో గేరు రింగే ముందు అరగడం మామూలు. కింది గేర్ల మధ్య వేగాల తేడా ఎక్కువ, పైగా ఊళ్ళో నడిపే బండిలో ఎక్కువసార్లు వాడేదీ అదే.

నాలుగోది డబుల్ క్లచింగ్. దించేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి, మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు వేయండి. చప్పుడు మాయమైతే సింక్రో పని మీ కాలు చేసిపెట్టినట్టు, అంటే రింగు అరిగింది. రెండో పరీక్ష నెగ్గిన బండికే దీన్ని నమ్మండి. క్లచ్ విడవని బండిలోనూ డబుల్ క్లచింగ్‌తో చప్పుడు తగ్గుతుంది, దాంతో అక్కర్లేకుండా గేర్‌బాక్సు దించేవాళ్ళున్నారు.

పెడల్‌ను రెండు మూడుసార్లు టకటకా తొక్కితే గేరు సాఫీగా పడుతోంది. ఎందుకు?

పెడల్ నొక్కుడును ఫ్లూయిడ్‌తో క్లచ్‌కు చేర్చే హైడ్రాలిక్ లైన్లో గాలి చేరింది, లేదా పెడల్ దగ్గర ఫ్లూయిడ్‌ను తోసే మాస్టర్ సిలిండర్ వాషర్లు పోయాయి. ముందు గేర్‌బాక్సు దగ్గర క్లచ్‌ను కదిపే స్లేవ్ సిలిండర్ రబ్బరు టోపీ వెనక్కి లాగి చూడండి. లోపల తడిగా ఉంటే స్లేవ్ కారుతోంది. పెడల్ దగ్గర, మాస్టర్ సిలిండర్ రాడ్ దూరే చోట వేలితో తడిమితే మాస్టర్ సంగతీ తెలుస్తుంది.

బ్లీడింగ్‌కు, అంటే లైన్లోని గాలి తీసేయడానికి, ఇద్దరు కావాలి. క్లచ్ ఫ్లూయిడ్ ట్యాంకులో మూత మీద రాసిన రకం ఫ్లూయిడే, డాట్ 3 లేదా డాట్ 4, కొత్త డబ్బాలోంచి నింపండి. స్లేవ్ సిలిండర్ మీద గాలి వదిలే స్క్రూకు (బ్లీడర్) పారదర్శకమైన ట్యూబు తగిలించి, రెండో కొస కొద్దిగా ఫ్లూయిడ్ పోసిన సీసాలో ముంచండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, రెండోవారు బ్లీడర్‌ను అరచుట్టు వదిలి, బుడగలు పోయాక బిగించాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి. ఈ వరస తప్పితే బయటికెళ్ళిన గాలి మళ్ళీ లోపలికొస్తుంది. ఐదారుసార్లకు ఒకసారి ట్యాంకు చూసుకోండి. అది ఖాళీ అయితే పని మొదటికొస్తుంది. సీసాలోకి వచ్చిన ఫ్లూయిడ్ తిరిగి పోయకండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పెయింటునూ తినేస్తుంది.

బ్లీడ్ చేసిన కొన్నాళ్ళకే మళ్ళీ పాత కథ అయితే మాస్టర్ సిలిండర్ లోపలే ఫ్లూయిడ్ జారిపోతోందేమో చూడాలి. చదునైన ఖాళీ స్థలంలో, ఎదురుగా ఎవరూ లేకుండా, ఇంజను ఐడిల్‌లో మొదటి గేరు వేసి, క్లచ్ ఒక నిమిషం అలాగే తొక్కి ఉంచండి. కుడికాలు బ్రేకు పైనే సిద్ధంగా ఉండాలి. కాసేపటికి బండి తనంతట తాను పాకడం మొదలెడితే మాస్టర్ వాషర్లు పీడనం నిలపట్లేదు. బ్లీడింగ్ ఎన్నిసార్లు చేసినా దీనికి మందు కాదు. రబ్బరు హోసు మీద చెయ్యేసి, ఒకర్ని పెడల్ తొక్కమనండి. ఉబ్బితే హోసు కూడా మార్చాల్సిందే.

మాది కేబుల్ క్లచ్. ఏం చూడాలి?

ఖాళీ ఆట, అంటే క్లచ్ బరువు తగిలేలోపు పెడల్ మొదట్లో ఉత్తినే కదిలే దూరం, కొలవండి. సాధారణంగా 15 నుంచి 25 మి.మీ. ఉంటుంది. ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు. అసలు ఆటే లేకుండా బిగిస్తే క్లచ్‌ను నొక్కి విడదీసే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ తిరుగుతూ అరుగుతుంది, ప్లేటు జారుతుంది. అడ్జస్ట్ చేసిన వారానికే ఆట పెరిగిపోతే కేబుల్ లోపల తీగలు తెగుతున్నాయి, దాన్ని ఇంకా బిగించకండి. పెడల్ తొక్కుతుంటే కేబుల్ దూరే చోట రేకు లోపలికి వంగుతోందేమో కూడా చూడండి. తుప్పు పట్టిన వ్యాన్లలో ఇది తరచుగా కనిపించే తప్పే, కానీ అక్కడ ఎవరూ చూడరు.

కేబుల్, హైడ్రాలిక్ బాగున్నాయి. అయినా క్లచ్ విడవట్లేదు.

ఇక తప్పు క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగ్ లోపల. రిలీజ్ ఫోర్కు వంగడం, దాని పివట్ గుండు అరగడం, ప్రెషర్ ప్లేటు వేళ్ళు అరగడం, క్లచ్ ప్లేటు వంకర పోవడం, ఇన్‌పుట్ షాఫ్టు (క్లచ్ నుంచి గేర్‌బాక్సులోకి వెళ్ళేది) స్ప్లైన్ల మీద, అంటే పొడవాటి గాళ్ళ మీద, తుప్పుతో ప్లేటు కదలకపోవడం, ఇవీ అనుమానించాల్సినవి. ఫ్లైవీలు మధ్య ఉండే పైలట్ బుష్ లేదా బేరింగ్ బిగుసుకున్నా షాఫ్టు ఇంజనుతో పాటే తిరుగుతుంది. ఇటీవలే క్లచ్ ప్లేటు మార్చారా? అయితే ప్లేటు తిరగేసి బిగించారేమో కూడా ఆలోచించండి.

నెలల తరబడి నిలిపి ఉంచిన బండి అయితే ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోయి ఉండొచ్చు. అప్పుడు ఏ గేరూ పడదు, ఇంజను ఆపితే మాత్రం అన్నీ పడతాయి.

గేర్‌బాక్సులో ఏ ఆయిల్ పోయాలి? ఎంత?

చవగ్గా సరిదిద్దగలిగింది ఇదే, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే.

పాత గేర్‌బాక్సుల సింక్రో రింగులు ఎక్కువగా ఇత్తడి జాతి లోహంతో చేసినవి. వాటికి మాన్యువల్ సాధారణంగా జీఎల్-4 తరగతి గేర్ ఆయిల్ చెబుతుంది, చిక్కదనం 75డబ్ల్యూ-90 లేదా 80డబ్ల్యూ-90. డిఫరెన్షియల్‌కు (వెనక ఇరుసు మధ్యనుండే గేర్లు) జీఎల్-5 కావాలి. రెంటికీ ఒకటే డబ్బా అని జీఎల్-5నే గేర్‌బాక్సులోనూ పోసేస్తారు. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ రసాయనాలు ఎక్కువ. అవి ఎక్కువ బరువు మీద జారే పళ్ళను కాపాడటానికి పెట్టినవి. సింక్రో రింగుకు కావలసింది జారుడు కాదు, పట్టు. పైగా ఆ రసాయనాల్లో కొన్ని వేడిలో ఇత్తడిని తినగలవు. ఆయిల్ మార్చిన వెంటనే చప్పుడు మొదలైందంటే ముందు డబ్బా మీది అక్షరాలు చదవండి. కొన్ని గేర్‌బాక్సులకు ఇంజనాయిలో, ఏటీఎఫో (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఫ్లూయిడ్) పోయాలి. వాటిలో గేర్ ఆయిల్ పోస్తే చలిలో గేరు కదలదు.

ఇంజనాయిల్ అంకెలతో పోల్చి భయపడకండి. గేర్ ఆయిల్ 90 అంటే ఇంజనాయిల్ 40 కంటే రెండింతలు చిక్కన కాదు. రెండూ వేరు వేరు కొలమానాలు. వేడి మీద 90 గేర్ ఆయిల్ దాదాపు 40–50 ఇంజనాయిల్ చిక్కదనమే.

మార్చేటప్పుడు ముందు పక్కనున్న నింపే ప్లగ్గు విప్పండి, ఆ తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్గు. నింపే ప్లగ్గు తుప్పుతో రాకపోతే, అప్పటికే ఆయిల్ వంపేసి ఉంటే, బండి అక్కడే ఉండిపోతుంది. పది కిలోమీటర్లు నడిపి వేడిగా ఉన్నప్పుడు వంపి, 15–20 నిమిషాలు కారనివ్వండి. ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు ముద్ద ఉండటం మామూలే. గుచ్చుకునే ఇనుప ముక్కలుంటే పన్ను విరిగింది, లేదా బేరింగ్ పొరలు లేస్తున్నాయి. ఆయిల్లో బంగారు రంగు మెరుపు కనిపిస్తే అది రింగుల పొడి. పాలలా తెల్లబడితే నీరు చేరింది.

బండి నాలుగు చక్రాలూ సమతలంలో ఉండగా, నింపే రంధ్రం కింది అంచు దాకా వచ్చి కారడం మొదలయ్యేవరకు పోయండి. వ్యాన్లకు ఎక్కువగా ఒకటిన్నర నుంచి మూడు లీటర్లు పడుతుంది. ముందు వైపు మాత్రమే జాకీ ఎత్తి నింపితే లెక్క తప్పుతుంది. ఎక్కువ పోస్తే నురగెత్తి సీళ్ళలోంచి కక్కుతుంది. పైన లోపలి గాలి పోయే బ్రీదర్ రంధ్రం మట్టితో పూడుకుపోయినా సీళ్ళు కారతాయి. కొత్త సీలు వేసినా కారుతోందంటే ముందు బ్రీదర్ చూడండి.

చల్లగా ఉన్నప్పుడు గట్టిగా, వేడెక్కాక సాఫీగా ఉంటే ఆయిల్ చిక్కన. వేడెక్కేకొద్దీ చప్పుడు పెరిగితే రింగుల అరుగుదలో, క్లచ్ హైడ్రాలిక్‌లో లోపమో.

లివర్ గంటె తిప్పినట్టు తిరుగుతోంది. గేరు ఎక్కడుందో వెతుక్కోవాలి. చప్పుడుకు ఇది కారణమా?

అవును. ఇంజను సీటు కింద ఉండే వ్యాన్లలో, స్టీరింగ్ పక్కన లివర్ ఉండే వ్యాన్లలో లివర్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య పొడవాటి రాడ్లు, నాలుగైదు బుష్‌లు ఉంటాయి. ఒక్కో బుష్ ఒక్కో మిల్లీమీటరు అరిగితే చాలు, లివర్ చివర అది అరచెయ్యంత ఆట అవుతుంది. స్లీవ్ సగమే జరిగి, పళ్ళ మొనల మీద నడుస్తుంది. అప్పుడు కర్ర్‌మంటుంది, లేదా గేరు జారిపోతుంది.

ఒకరు లివర్ కదుపుతుంటే మరొకరు కింద నుంచి ఒక్కో జాయింటూ చూడాలి. రాడ్ కదిలి, దాని తర్వాతిది కదలకపోతే ఆ మధ్య బుష్ పోయింది. ఇంజను ఆపి, చక్రాలకు అడ్డాలు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలిపాకే కింద దూరండి. జాకీ ఒక్కదాన్ని నమ్మకండి. బుష్‌లన్నీ ఒకేసారి మార్చాకే అడ్జస్ట్‌మెంట్: గేర్‌బాక్సు వైపు లివర్‌ను న్యూట్రల్‌లో ఉంచి, డ్రైవర్ చేతి లివర్ కూడా న్యూట్రల్ మధ్యలో పట్టి, రాడ్ లాక్ నట్లు బిగించాలి. అరిగిన బుష్‌ల మీద అడ్జస్ట్ చేస్తే ఒక గేరు కుదిరి ఇంకొకటి చెడుతుంది.

మార్చేటప్పుడు కాదు, నడుస్తుంటే శబ్దం. ఎక్కడిది?

ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అన్నదే చూడండి.

- న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే గరగర, తొక్కితే మాయం: ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్ లేదా లే షాఫ్టు (ఇన్‌పుట్ షాఫ్టు తిప్పే పక్క షాఫ్టు) బేరింగ్లు. సన్నటి గలగల మాత్రమే అయితే ఐడిల్ కుదురుగా లేకపోవడమో, క్లచ్ ప్లేటు స్ప్రింగులు వదులవడమో.
- క్లచ్ తొక్కితేనే వచ్చే కీచు, గరగర: రిలీజ్ బేరింగ్. గేరులో ఆగి, క్లచ్ పూర్తిగా తొక్కి ఉన్నప్పుడే వస్తే పైలట్ బేరింగ్‌నూ అనుమానించాలి.
- మొదటి మూడు గేర్లలో ఊళ, నాలుగులో నిశ్శబ్దం: లే షాఫ్టు బేరింగ్లు లేదా పళ్ళు. పాత వెనకచక్రాల బండిలో నాలుగో గేరు నేరుగా వెళుతుంది, లే షాఫ్టు మీద బరువు పడదు. ముందుచక్రాల బండికి ఈ గుర్తు పనికిరాదు.
- ఒక్క గేరులోనే ఊళ: ఆ గేరు పళ్ళు.
- రోడ్డు మీద న్యూట్రల్ చేసి వదిలినా అదే హోరు: గేర్‌బాక్సు వెనక బేరింగ్, ప్రొపెల్లర్ షాఫ్టు సెంటర్ బేరింగ్, డిఫరెన్షియల్, చక్రం బేరింగ్.

రివర్స్‌లో ఊళ వేయడం తప్పు కాదు. దాని పళ్ళు నిటారుగా కోసినవి కాబట్టి కొత్త బండిలోనూ అరుస్తుంది.

గేరు పడ్డాక, క్లచ్ వదలగానే ఠక్‌మంటోంది.

ఇది గేర్‌బాక్సుది కాకపోవచ్చు. చక్రాలకు అడ్డాలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి, గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పండి. షాఫ్టు జాయింట్ క్రాస్‌లో ఏ మాత్రం ఆట తెలిసినా మార్చాలి. షాఫ్టు విప్పే ముందు రెండు వైపులా పెయింటుతో గుర్తు పెట్టండి, తప్పు కోణంలో బిగిస్తే కొత్త వణుకు మొదలవుతుంది. క్రాస్‌లు బాగుంటే ఇంజను, గేర్‌బాక్సు మౌంటింగ్ రబ్బర్లు, ఆపైన డిఫరెన్షియల్ ఆట.

గేరు తనంతట తాను జారిపోతోంది.

యాక్సిలరేటర్ వదలగానే జారితే లింకేజీ, మౌంటింగ్‌లు ముందు. అవి బాగుంటే గేరును దాని చోట పట్టి ఉంచే డిటెంట్ స్ప్రింగు, గుండు. కొన్ని బాక్సుల్లో వీటిని బయట బోల్టు విప్పి మార్చొచ్చు. మిగిలింది స్లీవ్ పళ్ళ మొనలు గుండ్రబడటం, ఫోర్కు అరగడం. లివర్ మీద చెయ్యి ఎప్పుడూ ఆన్చి నడిపే అలవాటు ఫోర్కును తింటుంది.

గేర్‌బాక్సు దించక తప్పట్లేదు. జాగ్రత్తలేమిటి?

బ్యాటరీ తీసేయండి. చిన్న వ్యాన్ల గేర్‌బాక్సే 25–30 కిలోలు, పెద్ద డీజిల్ వ్యాన్లది 50 దాటుతుంది. గేర్‌బాక్సు జాకీ లేకుండా దించకండి. ఇంజను వెనక భాగానికీ ఆసరా పెట్టండి. దించేటప్పుడూ ఎక్కించేటప్పుడూ బాక్సు బరువు ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడితే క్లచ్ ప్లేటు వంగుతుంది. కొత్త చప్పుళ్ళలో కొన్ని అలా పుట్టినవే.

పాత క్లచ్ ధూళిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

ఎలాగూ దించారు కాబట్టి రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, గేర్‌బాక్సు ముందు సీలు మార్చేయండి, క్రాంక్ వెనక సీలు చూడండి. ప్లేటును అలైన్‌మెంట్ టూలుతో మధ్యకు తెచ్చి ప్రెషర్ ప్లేటు బిగించాలి. బాక్సు చేత్తో తోస్తే పూర్తిగా ఆనాలి. వేలెడు ఖాళీ మిగిలితే బోల్టులతో లాగకండి, హౌసింగ్ చెవులు పగులుతాయి. ప్లేటు మధ్యలో లేదని అర్థం.

లోపల ఏం కొలవాలి?

రింగును కోన్ మీద వేళ్ళతో నొక్కి, రింగు పళ్ళకూ గేరు పళ్ళకూ మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో చుట్టూ మూడు చోట్ల కొలవండి. చాలా బాక్సుల్లో కొత్తది 1 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది, 0.5 మి.మీ.కి దిగితే రింగు పనికిరాదు. లోపలి సన్నటి గాళ్ళు నున్నబడినా అంతే. ఫోర్కుకూ స్లీవ్ గాడికీ మధ్య ఆట 1 మి.మీ. దాటితే ఫోర్కు మార్చండి. స్లీవ్ పళ్ళ మొనలు గుండ్రబడితే కొత్త రింగు ఒక్కటే వేసి లాభం లేదు, హబ్, స్లీవ్ జత కూడా మార్చాలి. వాటిని విడదీసే ముందు గుర్తు పెట్టుకోండి.

గేర్‌బాక్సు పైమూత ఎత్తేటప్పుడు గుడ్డ కప్పి ఎత్తండి, డిటెంట్ గుళ్ళు ఎగిరిపోతాయి. రాడ్ల మధ్య ఇంటర్‌లాక్ పిన్ను ఒకటి మర్చిపోతే రెండు గేర్లు ఒకేసారి పడి బాక్సు బిగుసుకుంటుంది. కొత్త రింగులను బిగించే ముందు అదే గేర్ ఆయిల్లో నానబెట్టండి. సర్క్లిప్పులు, సీళ్ళు, పంచ్ చేసి బిగించే నట్లు పాతవి మళ్ళీ వాడకండి.

బిగించాక 500–1,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ ఒకసారి మార్చేయాలి. రింగులు కుదురుకునేటప్పుడు రాలిన పొడి అందులో ఉంటుంది.

ఆయిల్లో కలిపే మందులు పనిచేస్తాయా?

జారుడు పెంచే మందులు సింక్రో పట్టును ఇంకా చెడగొడతాయి. మరీ చిక్కటి ఆయిల్ పోస్తే బేరింగ్ ఊళ కొన్నాళ్ళు అణుగుతుంది. పాత బండి కొనేటప్పుడు గేర్‌బాక్సు అసహజంగా నిశ్శబ్దంగా ఉండి, చల్లగా ఉన్నప్పుడు లివర్ బంకలో కదిలినట్టుంటే నింపే ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడండి.

బాగుచేయించే దాకా నడపొచ్చా?

సింక్రో ఒక్కటే అరిగితే డబుల్ క్లచింగ్‌తో నెలల తరబడి నడుస్తుంది. రివర్స్ వేసే ముందు బండి పూర్తిగా ఆపి, ముందు రెండో గేరులో పెట్టి, క్లచ్ వదలకుండానే అక్కణ్ణుంచి రివర్స్‌కు మార్చండి. రెండో గేరు సింక్రోకు పట్టు మిగిలి ఉంటే షాఫ్టును అదే ఆపేస్తుంది, లేదంటే మూడో గేరుతో అదే పని చేయండి. క్లచ్ విడవని బండిని మాత్రం అలా లాగించకండి. ప్రతి మార్పుకూ మంచి రింగులు కూడా అరుగుతాయి. బేరింగ్ గరగర రోజురోజుకూ పెరుగుతున్నా, ఆయిల్లో ఇనుప ముక్కలు కనిపించినా అక్కడితో ఆపి లాగించుకెళ్ళండి. వెనకచక్రాల బండిని లాగేటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పేయండి, లేదా వెనక చక్రాలు ఎత్తి లాగండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు లే షాఫ్టు తిరగక ఆయిల్ పైకి ఎగరదు, మెయిన్ షాఫ్టు పొడిగా తిరుగుతుంది.